పాటల పెట్టెయు, అటకమీది ప్లేట్లును

గతమాసమున నీ పుటలో నిత్తడిసామానుల మెఱుగును గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము సామానులను విడిచి సంగీతమునకు వచ్చుచున్నాను. ఎల్.బి. నగరునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరమే దీనికి కారణము. ఆమె కుమారుడు మంచి జీతముగల యుద్యోగి. పాతకాలపు జూక్‌బాక్సు నొకదానిని విదేశమునుండి తెప్పించి క్రొత్తయింటి హాలులో నుంచవలెనని యువ్విళ్లూరుచున్నాడట. దాని వెల లక్షలలో నున్నదట. "ఆ పెట్టెలో నంతటి విశేషమేమున్నదో నాకు బోధపడకున్నది. మా యటకమీద మా మామగారి గ్రామఫోనును, ట్రంకు పెట్టెడు ప్లేట్లును ఉన్నవి. ఇల్లు బిల్డరున కిచ్చితిమి. నెలాఖరులోగా ఖాళీ చేయవలెను. అబ్బాయి యా పెట్టెను కొందమనియు, ఈ పెట్టెను తూకమునకు వేయుదమనియు ననుచున్నాడు. మీరేమందురు?" అని యామె ప్రశ్న.

రెండు పెట్టెలును ఒక్క వంశమునకు చెందినవే. మొదట దూరపుదానిని గూర్చి చెప్పి పిమ్మట నింటిదానికి వచ్చెదను.

జూక్‌బాక్సు అనగా నాణెము వేసి కోరిన పాటను వినుటకై పదిమంది కూడు చోట నుంచెడి యంత్రము. 1877లో ఎడిసన్ ధ్వనిని పట్టి నిలుపు ఫోనోగ్రాఫును కనిపెట్టెను. పండ్రెండేండ్లకు, 1889 నవంబరు 23వ తేదీని, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి పాలే రాయల్ అను పానశాలలో లూయీ గ్లాస్ అనునాతడు అట్టి ఫోనోగ్రాఫునకు నాణెము వేయు సందు నమర్చెను. దానికి బాకా లేదు. వైద్యులు చెవులకు తగిలించుకొనునట్టి గొట్టములు నాలుగుండెడివి. ఐదుసెంట్ల నాణెము వేసినవాని చెవికి మాత్రమే పాట వినవచ్చెడిది. ప్రక్కవాడు వినవలెనన్న వాడును వేరుగా నాణెము వేయవలసినదే! 1906లో షికాగోవాడగు జాన్ గేబెల్ ఇరువదినాలుగు పాటలలో కోరినదాని నేరుకొనుటకు వీలగు యంత్రమును తెచ్చెను. అందు పాటపాటకును ముల్లు తనంతట తానే మారెడిది. ఈ ముల్లుసంగతి జ్ఞాపక ముంచుకొనుడు. ముందు మరల వచ్చును. 1927 మొదలుకొని విద్యుచ్ఛక్తిచే ధ్వనిని పెంచు యంత్రములు రాగా హాలంతయు నొక్కసారిగా వినుట మొదలయ్యెను. "జూక్" అను మాట అమెరికా దక్షిణభాగమునందలి నల్లజాతివారి యాటపాటల పాకలనుండి వచ్చినది. తయారుచేయు వర్తకులకు ఆ పేరు చాలకాలము రుచింపలేదు. "ఆటోమాటిక్ ఫోనోగ్రాఫు" అని గౌరవముగా పిలిపించుకొన జూచిరి. లోకము వారి మాట వినలేదు.

సేకరణప్రియు లెక్కువగా కోరునది వుర్లిట్జర్ కంపెనీవారి 1015 అను పెట్టె. రెండవ ప్రపంచయుద్ధమున, 1942లో, అమెరికాలో నీ యంత్రముల తయారీ నిలిచిపోయెను. యుద్ధము ముగిసిన పిమ్మట 1946లో పాల్ ఫుల్లర్ అను శిల్పి రూపొందించిన యీ పెట్టె వెలువడెను. పైభాగము తోరణమువలె వంపు తిరిగియుండును. అంచులవెంట రంగురంగుల దీపములు, వానిలో నెడతెగక పైకెగయు బుడగలు. కొద్దిపాటి వేడికే మరుగు ద్రవమును గాజుగొట్టములలో నింపి అడుగున చిన్న వేడిమి పెట్టుటయే ఆ బుడగల రహస్యము. ఇట్టివి ఏబదియాఱువేలకు పైగా చేసిరి. అన్ని చేసిన వస్తువు నపూర్వమనుట యెట్లని నాకు సందేహమే కలిగినది. కాని వానిలో లోపలిపని చెడక, మార్పులు పడక మిగిలినవి కొన్నియే కనుక వెల పెరిగినది. పెక్కుమందికి దీపములే ముచ్చట. నాకు మాత్రము లోపలి పనియే యద్భుతముగా దోచినది.

ఆ పనిని మన వంటింటి వస్తువులతో చెప్పిన సులభముగా తెలియును. వుర్లిట్జర్ పెట్టెలో నిరువదినాలుగు ప్లేట్లు, టిఫిను కారియరు గిన్నెలవలె, ఒకదానిపై నొకటిగా వేఱువేఱు పళ్లెరములలో నుండును. మీట నొక్కగానే కోరిన పళ్లెరము మాత్రము ప్రక్కకు జరిగి బయటికి వచ్చును. క్రిందినుండి తిరుగుడు పళ్లెము పైకి లేచి, ఉంగరమువలె నడుమ ఖాళీగానున్న ఆ పళ్లెరములోనుండి దూరి, ప్లేటును తన తలపై నెత్తుకొని ముల్లు దగ్గఱకు చేర్చును. పాట ముగియగానే దిగిపోవును. ప్లేటు మరల తన గూటికి పోవును. ఇదంతయు గాజుతలుపు వెనుక కన్నుల యెదుటనే జరుగును. కాని యిందు ప్లేటునకు ఒక్క ప్రక్కయే పాడును. రెండవ ప్రక్క యెంత మంచి పాటయైనను వ్యర్థము.

ఆ లోపమును 1948లో సీబర్గ్ కంపెనీవారు తీర్చిరి. వారి పెట్టెలో నేబది ప్లేట్లు, మన కంచముల స్టాండులో స్టీలుకంచములు నిలిచినట్లు, వరుసగా నిలువుగా నుండును. ఒక చిన్న బండి పట్టాలమీద అటునిటు పరుగెత్తి, కోరినదానియెదుట ఆగి, ప్లేటును పట్టుకొని నిలువుగానే త్రిప్పును. ముల్లు ఈ వైపునుండియు తాకగలదు, ఆ వైపునుండియు తాకగలదు. ఏబది ప్లేట్లకు నూఱు పాటలు! 1950లో ఆ కంపెనీవారే చిన్నవియు తేలికయునగు నలువదియైదు చుట్ల ప్లేట్లకు తగినట్లు దీనిని మార్చిరి.

నలుగురు నాలుగు పాటలు కోరినచో నా కోరికలు యంత్రమున కెట్లు గుఱుతుండును? మొదట నొక్కొక్క పాటకు నొక్కొక్క చిన్న మీట యుండెడిది; కోరినపుడు పడి, పాడినపిదప లేచెడిది. 1955లో వచ్చిన సీబర్గ్ పెట్టెలో మీటలు లేవు. పాట కొక చిన్న ఉంగరము. దానికి అయస్కాంతశక్తి యొక వైపున కున్న "కోరిరి" అనియు, రెండవ వైపున కున్న "కోరలేదు" అనియు నర్థము. దీనిని చదువునపుడు మన యవధానులు స్మరణకు వచ్చిరి. పృచ్ఛకులు ముక్కముక్కగా నిచ్చిన సమస్యలను ధారణలో నిలుపుకొని, వరుస తప్పక యప్పగింతురు గదా! ఈ పెట్టెకు ధారణ కలదు గాని వరుస లేదు. ముందు కోరినవారి పాట ముందు రాదు. బండి దారిలో నేది ముందు తగిలిన నదియే పాడును. కావున హైదరాబాదు హోటళ్లలో నిట్టి పెట్టెలున్న దినములలో "నాణెము నాది, పాట వానిదా?" అని తగవులు పుట్టియుండునని నా యూహ.

అవును, మన నగరమునను ఇవి యుండెడివి. 1960, 70 ప్రాంతములలో నిచ్చటి యిరానీ హోటళ్లు కొన్నింట జూక్‌బాక్సు లుండెడివనియు, చారాణాయో అర్ధరూపాయియో వేసి హిందీ సినిమాపాటలు వినుచు ఒక చాయతో పూట గడపెడివారనియు పెద్దలు చెప్పుదురు. ఆ చారాణాయే 2011 జూన్ 30తో చెలామణినుండి తొలగిపోయినది. ఇవి పురుషుల వేడుకలు. ఇరానీ హోటలులో కూర్చుండి పాట కోరుకొను వాడుక ఆనాటి గృహిణికి లేదు. ఆమె త్రోవన పోవుచు విన్న చరణమే ఆమె భాగము.

యంత్రము పనిచేయుటను కన్నులార చూచు సంతోషమే కావలెనన్న లక్షలు పోయనక్కఱలేదు. ఎల్.బి. నగరులో మెట్రో యెక్కి మహాత్మాగాంధి బస్సు స్టేషనులో దిగిన సాలార్‌జంగ్ మ్యూజియము సమీపమే. అచ్చటి సంగీతగడియారములో గంటగంటకు చిన్నబొమ్మ బయటికి వచ్చి గంట కొట్టును. మఱియొక గడ్డపుబొమ్మ సుత్తితో క్షణములను లెక్కించుచుండును. పిల్లలతోపాటు పెద్దలును అరగంట ముందుగా చోటు పట్టుకొని కూర్చుందురు. జూక్‌బాక్సు ముందు నిలిచినవారి తహతహయు నట్టిదే.

ఇక నింటి పెట్టె. హోటలుపెట్టె పురుషులదైన, గ్రామఫోను మన నడవలోనికి వచ్చినది. కుక్కబొమ్మ ప్లేట్లని మన పెద్దలు పిలిచెడివారు. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అను నిపుణుడు లండనునుండి కలకత్తాకు వచ్చి, మన దేశపు గాయకుల గొంతుల నెక్కించుకొనిపోయెను. ప్లేట్లను జర్మనీలోని హానోవరులో అచ్చువేసిరి. అచ్చటి పనివారికి పాడిన దెవరో తెలియవలెనని గౌహర్‌జాన్ తన పాట చివర తన పేరును ఇంగ్లీషున చెప్పుచుండెడిది. 1908లో కలకత్తా సియాల్దాలోనే అచ్చుకర్మాగారము తెఱచిరి. బెంగుళూరు నాగరత్నమ్మ వంటి విదుషీమణులు తొలిదినములలోనే ప్లేట్లకు పాడిరి. తరువాత మన రంగస్థల నటుల పద్యములు, హరికథలు, సినిమాపాటలు, ఘంటసాల పాడిన పుష్పవిలాపము తెలుగిండ్లన్నిట మ్రోగినవి. పదియంగుళముల ప్లేటులో నొక ప్రక్కకు పట్టునది ఇంచుమించు మూడు నిమిషములే. రంగముమీద ఒక్క పద్యమునకు ఎంతసేపైనను రాగము తీయు నటుడు మూడు నిమిషములలో దానిని ముడిచి పెట్టవలసివచ్చెను. కొందఱికది సంకెల, నేను విన్నంతలో కొందఱికి మేలే చేసినది.

ఆ ప్లేటు దేనితో చేసినదో తెలిసిన మీరాశ్చర్యపడుదురు. లక్క! మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై సన్నని పురుగులు కట్టు లక్కయే, శుద్ధిచేసి, రాతిపొడియు మసియు కలిపి, వేడిపై నచ్చువేసిన గ్రామఫోను ప్లేటగును. చార్మినారువద్ద లాడ్‌బజారులో బొగ్గులసెగపై మెత్తబఱచి రాళ్లు పొదుగు గాజులును లక్కవే. 2024లో ఆ గాజులకు భౌగోళికగుఱుతింపు లభించినది. ముంజేతి గాజునకును, పద్యము పాడు ప్లేటునకును పుట్టిల్లొక్కటియే. వారణావతమున పురోచనుడు పాండవులకు కట్టించిన యింటి సంగతి మీరెఱుగుదురు. లక్కకు నిప్పు శత్రువన్నమాట యా కథ చదివినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. 1942లో యుద్ధపు పనులకు లక్క కావలసి అమెరికా ప్రభుత్వము ప్లేట్లకు వాడు లక్కను నూటికి డెబ్బదివంతులు తగ్గించినది. పాతప్లేట్లను పోగుచేసి నూఱి క్రొత్తవి చేసిరి. అట్లెన్ని గొంతులు పిండియైనవో లెక్క లేదు.

పాశ్చాత్యదేశములు లక్కప్లేట్లను 1960 నాటికి ఇంచుమించు మానివేసినను మన దేశమున కరెంటులేని యూళ్లలో కీ యిచ్చు గ్రామఫోనులే యుండుటచే ఇవి 1960 తరువాతను వచ్చుచుండెను. అందుచేతనే బీటిల్స్ అను ఆంగ్లగాయకుల పాటలు డెబ్బదియెనిమిది చుట్ల లక్కప్లేట్లుగా మన దేశమున నచ్చయినవి. వానికొఱకు పరదేశపు సేకరణప్రియులు వెదకుచుందురు. తెలుగువారిలో వి.ఏ.కె. రంగారావుగారు మదరాసున వేలకొలది ప్లేట్లను కూర్చి, ఏ పాట యెవరు ఎప్పుడు పాడిరో గుఱుతించి, ఈ పనికి పాండిత్యగౌరవము కలిగించిరి.

ఆ సోదరి యిల్లు మా దిల్‌సుఖ్‌నగరునుండి మెట్రోలో మూడవ స్టేషను. ఉత్తరముతో తీరునది కాదని పోయి చూచితిని. అటకనుండి దింపిన ట్రంకులో నలువదికి పైగా ప్లేట్లు, కొన్ని పగిలినవి. ముళ్లడబ్బా తుప్పుపట్టియుండెను. తుప్పుముల్లు తాకించిన ప్లేటు చాలు చెడును గనుక ఆ దినమున వినలేదు. అబ్బాయియే ఆన్‌లైనులో క్రొత్తముళ్లు తెప్పించెను. ఈలోగా తొడుగులను చూచుచుంటిమి. వానిపై మామగారు పెన్సిలుతో ఐదైదుగా గీతలు గీసియున్నారు. ఒక్కొక్క ప్రక్కకు నొక్కొక్క క్రొత్తముల్లు వాడవలెను గనుక ఎన్నిసార్లు వేసిరో లెక్క! కొన్ని జూక్‌బాక్సులలో నే పాట యెన్నిమార్లు కోరిరో చూపు లెక్కపెట్టు సాధనముండును; ఆ లెక్కనుబట్టి అరిగిన ప్లేటును మార్చుదురు. ఆ సంగతి చెప్పగా అబ్బాయి చేతిలోని ఫోను ప్రక్కనుంచి తొడుగులను ఒక్కొక్కటిగా తీయ నారంభించెను. ఒక తొడుగుపై "పెద్దకోడలు కాపురమునకు వచ్చినది" అనియు, దానిక్రింద 1981 అనియు నున్నది. ఆ పెద్దకోడలు మా ప్రక్కనే నేలపై కూర్చున్నది. "మా మామగారు నాతో పదిమాటలు మాట్లాడియుండరు అక్కయ్యగారూ" అని మాత్రమనెను.

నాల్గవ దినమున విన్నాము. హరిశ్చంద్ర కాటిసీను, ఐదు ప్లేట్ల సెట్టు. మూడవ ప్లేటు ముగిసినది, ఐదవది తీసిరి. నాలుగవది లేదు. చంద్రమతి మెడలోని మంగళసూత్రమును చూచి రాజు భార్యను గుఱుతించు ఘట్టమంతయు దానిలోనిది. పంపకములనాడు మఱదిగారికి పోయినదేమో యని ఫోను చేసిరి. పోయినది నిజమే. వారి పిల్లలు దానికి నడుమ రంధ్రము పెద్దదిచేసి, అంకెలు అతికించి, గోడగడియారము చేసికొన్నారు. చాలుపై జిగురు, రంగు. ఆ సోదరి యేమియు ననలేదు. లేచి చాయ పెట్టబోయినది. ఆ ప్లేటు మా పాఠకురాండ్రలో నెవరి యింటనైనను చెడక యున్నచో పత్రికకు వ్రాయుడు. అడుగువారము మేము అమ్ముమని యడుగము, ఒకసారి వినిపించిన చాలును. తూకపువానిని పిలువలేదు. జూక్‌బాక్సు మాట అబ్బాయి యింకను విడువలేదు; విడువనక్కఱలేదు, అది వాని సంపాదన. మా యింటివారు పాఠశాలలో పిల్లలకు చూపుటకు కీ యిచ్చు గ్రామఫోను నొకదానిని అరువడిగినారు. దానికి మాత్రము ఆ సోదరి యొప్పుకొన్నది.

కొనదలచినవారికి హెచ్చరిక. పాత సామానుల బజారులలో ఇత్తడిబాకాతో, కుక్కబొమ్మ చీటీతో తళతళలాడు గ్రామఫోనులు విరివిగా దొరకును. వానిలో పెక్కు పాత చేతిపెట్టె గ్రామఫోనుల యంత్రమును ఊడదీసి క్రొత్త కొయ్యపెట్టెలో బిగించినవే. బాకా రేకు పలుచగా నుండి మోచేతివంపు సరిగా నతుకదు. ముల్లుచేయి ప్లేటుపై వంకరగా దిగి చాలును గీయును. మా బంధువులొక రట్టిదానిని పదునెనిమిదివేలకు కొని యలంకారముగా నుంచుకొన్నారు. అలంకారమునకైన సరే, దానిపై మంచి ప్లేటును వేయకుడు. జూక్‌బాక్సులలోను పాతరూపున క్రొత్తగా చేసినవి కలవు. లోపల ప్లేట్లే యుండవు. తలుపు తెఱచి, ప్లేటు లేచి ముల్లును చేరుటను చూచినగాని సొమ్ము చెల్లింపరాదు.

ఉన్న ప్లేట్లను కాపాడుకొను విధము. పడుకోబెట్టి దొంతరగా పేర్చిన అడుగువి పగులును. కంచముల స్టాండులోవలె నిలువుగానే యుంచవలెను. వైశాఖమాసపు టెండ అటకమీది రేకులకు తగిలిన లక్క మెత్తబడి ప్లేటు అప్పడమువలె వంకరపోవును, కావున అటక తగదు; గోడబీరువా అడుగు అర మేలు. మురికియైన గోరువెచ్చని నీటిలో ఒక బొట్టు మెత్తని సబ్బు వేసి, నడుమ చీటీ తడియకుండ, చాలువెంట గుండ్రముగా మెత్తని గుడ్డతో తుడిచి నీడలో నారబెట్టుడు. స్పిరిటు, శానిటైజరు తాకనీయరాదు. అవి లక్కను కరగించును. ఎల్.పి. ప్లేట్లు వేఱు పదార్థముతో చేసినవి. వానిపై ఇనుపముల్లు పెట్టిన ఒక్కసారికే చెడును. డెబ్బదియెనిమిది చుట్లవానికి వెడల్పు ముల్లుగల విద్యుత్ ప్లేయరు దొరికినచో ఒకమారు కంప్యూటరులో నెక్కించి, అటుపై ప్లేటును విశ్రమింపనిండు. చీటీకి రెండువైపుల ఫోటోయు, తొడుగుపై వ్రాతలున్నచో వానికిని ఫోటోయు తీసి యుంచవలెను. చినిగిన తొడుగును పారవేయక క్రొత్తదానిలోపల పాతదానిని మడిచి పెట్టుడు. సెట్టుగా నున్నవానిని పంపకములలో విడదీయకుడు. గదులు కొలిచి పంచుకొన్నట్లు కాటిసీనును పంచుకొనుట కుదురదు, ఒకరి యింటనే యుంచి తక్కినవారు పోయి వినవచ్చును.